జెండా లేని ఇల్లు

ఒక దేశంలో ఇళ్ల మీద ఎన్ని జాతీయ జెండాలు ఎగురుతున్నాయో చూసి అక్కడివారి దేశభక్తిని అంచనా వేయడం చాలామందికి అలవాటు. అమెరికాలో ఏ వీధికి వెళ్లినా నాలుగు గుమ్మాలకు జెండాలు కనిపిస్తాయి కాబట్టి అమెరికన్లకు దేశమంటే ప్రాణమనీ, జర్మనీలో మామూలు రోజుల్లో ఎంత వెతికినా ఇళ్ల మీద జెండా కనిపించడం అరుదు కాబట్టి జర్మన్లకు ఆ అభిమానం తక్కువనీ తేల్చేసే మాటలు తరచుగా వింటుంటాం. ఈ లెక్క తప్పని నా అభిప్రాయం. ఇంటి మీద ఎగిరే జెండా ఆ ఇంటివారి మనసు గురించి చెప్పేది కొంతే. అది వాళ్ల చేతికి ఏ దారిన వచ్చింది, దాన్ని ఎగరేయమని ఎవరు అడిగారు, ఎగరేయకపోతే ఏమవుతుంది అన్న మూడు ప్రశ్నలకు జవాబులు తెలిస్తే తప్ప ఆ జెండాకు అర్థం తెలియదు. ఈ మూడింటిలోనూ చివరిదే ముఖ్యమైనదని నేను నమ్ముతాను.

డెన్మార్క్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే జాతీయ జెండా ఇంటి వస్తువుగా మారిపోయిన దేశాల్లో దానిదే మొదటి స్థానం. ఎర్రటి గుడ్డ మీద తెల్లని శిలువ ఉన్న ఆ జెండాను డేన్‌లు డానెబ్రో అంటారు. 1219లో ఎస్టోనియాలో యుద్ధం జరుగుతుండగా అది ఆకాశం నుంచి రాలిపడిందని వాళ్ల ఐతిహ్యం. అంతటి గాథ ఉన్న జెండాను ఈనాటి డేన్‌లు పుట్టినరోజు కేకు మీద గుచ్చుతారు, చిన్న చిన్న కాగితపు జెండాలను దారానికి అంటించి క్రిస్మస్ చెట్టుకు చుడతారు, దూరప్రయాణం నుంచి తిరిగొచ్చే చుట్టాలకు విమానాశ్రయంలో ఊపి స్వాగతం చెబుతారు. పెరట్లో జెండా స్తంభం ఉన్న ఇళ్లు కోకొల్లలు. పిల్లవాడు పరీక్ష పాసైనా, తాత, అమ్మమ్మల పెళ్లిరోజు వచ్చినా ఆ స్తంభానికి జెండా ఎక్కుతుంది.

నేను కొంతకాలం కోపెన్‌హాగన్‌లో ఉద్యోగం చేశాను. ఒక ఉదయం ఆఫీసుకు వెళ్లేసరికి నా బల్ల మీద, గుండ్రటి చెక్క దిమ్మకు గుచ్చిన సన్నటి పుల్లకు జానెడు డానెబ్రో వేలాడుతూ కనిపించింది. ఆ రోజు నా పుట్టినరోజని సహోద్యోగులకు తెలుసు. నేను డేన్‌ను కానన్న సంగతీ తెలుసు, కానీ ఆ జెండాను నా బల్ల మీద పెట్టడానికి అది అడ్డు అన్న ఆలోచనే వాళ్లకు రాలేదు. మరొక దేశంలో ఒక విదేశీయుడి బల్ల మీద ఆ దేశపు జెండా పెడితే దాని వెనక ఏదో సందేశం ఉందేమోనని అతను ఆలోచించాల్సి వచ్చేది. ఇక్కడ దాని అర్థం ఒక్కటే: ఈ రోజు నీకు మంచి రోజు. ఒక రాజ్యపు చిహ్నం ఇంత సాధువుగా ఎలా మారిందన్న ప్రశ్న నన్ను అప్పటి నుంచి వదల్లేదు.

దానికి జవాబు పంతొమ్మిదో శతాబ్దంలో ఉంది. అంతవరకు ఆ జెండా రాజుది, నౌకాదళానిది, వర్తక నౌకలది. సామాన్యులు ఇళ్ల మీద ఎగరేయడం మొదలుపెడితే, 1834లో ప్రభుత్వం దాన్ని నిషేధించింది. తర్వాత 1848 నుంచి 1850 వరకు ష్లెస్‌విగ్ ప్రాంతం కోసం యుద్ధం జరిగినప్పుడు జనం ఆ జెండాను తమదిగా చేసుకున్నారు, నిషేధం కాగితాలకే పరిమితమైంది, చివరకు 1854లో ప్రభుత్వమే దిగివచ్చి పౌరులకు అనుమతి ఇచ్చింది. ఇప్పటికీ కొసలు చీలిన జెండా రాజ్యానిది, కొసలు సమంగా ఉన్నది ప్రజలది. అంటే డేన్‌లు ఆ గుడ్డను పైవారి ఆజ్ఞ మేరకు ఎత్తలేదు. పైవారు వద్దన్నప్పుడు ఎత్తి, వాళ్ల చేతే సరే అనిపించుకున్నారు. తాము గెలుచుకున్న వస్తువును మనుషులు సొంత వస్తువులాగే వాడుకుంటారు, కేకు మీద గుచ్చడానికైనా సంకోచించరు.

సాధువుగా ఉందంటే నియమాలు లేవని కాదు. జెండా నేలను తాకకూడదు, సూర్యాస్తమయానికి దించేయాలి. స్తంభం రాత్రి బోసిగా ఉండకూడదనుకునేవారు సన్నగా పొడవుగా ఉండే తోరణం వంటి పతాకను ఎగరేస్తారు, దాన్ని రాత్రంతా ఉంచవచ్చు. ఇంట్లో ఎవరైనా చనిపోతే జెండాను ముందు స్తంభం కొస వరకు ఎక్కించి, ఆ తర్వాతే సగానికి దించుతారు. అంత్యక్రియలు ముగిశాక మళ్లీ పూర్తిగా పైకెత్తుతారు. ఆ చివరి పద్ధతి నాకెంతో నచ్చింది: దుఃఖానికి ఒక గడువు పెట్టి, మిగిలినవారిని మళ్లీ మామూలు రోజులోకి తెచ్చే మర్యాద అందులో ఉంది.

ఉత్తర ఐరోపా అంతటా ఈ ధోరణి కాస్త అటూ ఇటూగా కనిపిస్తుంది. ఫిన్లాండ్‌లో అపార్ట్‌మెంట్లకు కూడా ఉమ్మడి జెండా స్తంభం ఉంటుంది, ఆ భవనంలో ఉండేవారెవరైనా చనిపోతే అక్కడ జెండా సగానికి దిగుతుంది. జూన్ చివర వచ్చే నడివేసవి పండుగ ఫిన్లాండ్‌కు జెండా దినం కూడా. చీకటి పడని ఆ రోజుల్లో ముందురోజు సాయంత్రం 6 గంటలకు ఎత్తిన జెండాను మర్నాడు రాత్రి 9 గంటల దాకా దించరు. నార్వే సంగతి మరికొంత ఉద్వేగంతో కూడినది. 1814లో రాజ్యాంగం వచ్చిన మే 17ను వాళ్లు సైనిక కవాతుతో కాకుండా బడిపిల్లల ఊరేగింపుతో జరుపుకుంటారు. స్వీడన్‌తో కలిసి ఉన్న కాలంలో తమ జెండా మూలన ఉండిన ఉమ్మడి గుర్తును తీసేయించడానికి పోరాడినవాళ్లు, జర్మన్ ఆక్రమణలో మే 17 ఉత్సవాన్నే పోగొట్టుకున్నవాళ్లు, విముక్తి వచ్చిన తొమ్మిది రోజులకే 1945 మే 17ను తిరిగి చేసుకున్నవాళ్లు నార్వేజియన్లు. ఆ రోజు పసిపిల్లల చేతుల్లో జెండాలు ఊగుతుంటే దాన్ని జాతీయోన్మాదం అని ఎవరూ అనరు.

అయినా డెన్మార్క్‌ను ఆదర్శంగా చూపించి ఊరుకోవడం నిజాయితీ కాదు. అక్కడ విదేశీ జెండాలను ఇళ్ల మీద ఎగరేయకూడదన్న ఆంక్ష 1915 నుంచి ఉండేది. తన ఇంట్లో అమెరికా జెండా ఎగరేసిన ఒక పౌరుడి కేసులో, ఆ ఆంక్షకు చట్టబద్ధమైన ఆధారం లేదని 2023లో ఆ దేశ సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అంతటితో వదిలేసి ఉంటే బాగుండేది, కానీ పార్లమెంటు కొత్త చట్టం చేసి 2025 జనవరి 1 నుంచి ఆంక్షను తిరిగి తెచ్చింది. నార్డిక్ దేశాలు, ఫారో దీవులు, గ్రీన్‌లాండ్, జర్మనీ జెండాలకు మినహాయింపు ఉంది, మిగిలినవి సాధారణంగా జెండా స్తంభాలకు ఎక్కడానికి వీల్లేదు. పరాయివాడి పుట్టినరోజుకు కూడా తన జెండా పంచిపెట్టగల సమాజానికి ఆ పరాయివాడి జెండా అంటే ఈ భయం ఎందుకో నాకు అర్థం కాదు. ఒక జెండా సాధువుగా ఉండేది తన పక్కన మరొకటి ఎగిరినా ఓర్చుకున్నంత కాలమే.

ఇక జర్మనీ. అక్కడివారి సంకోచానికి కారణం రెండో ప్రపంచయుద్ధమని అందరికీ తెలుసు, కానీ ఆ మాట అసలు సంగతిని సగమే చెబుతుంది. నలుపు, ఎరుపు, బంగారు రంగులు నాజీలవి కావు, నాజీలు ద్వేషించిన ప్రజాస్వామ్యవాదులవి. 1832లో హంబాహ్ కోట దగ్గర స్వేచ్ఛ కోరిన జనం ఎత్తిన రంగులవి, రాజరికం పోయాక ఏర్పడిన వైమార్ రిపబ్లిక్ 1919లో స్వీకరించిన రంగులు కూడా అవే. కానీ చాలామంది ఆ రంగులను ఒప్పుకోలేదు, పాత సామ్రాజ్యపు నలుపు తెలుపు ఎరుపు జెండానే ఎగరేశారు. విదేశాల్లోని రాయబార కార్యాలయాల మీద పాత రంగుల వర్తక జెండాను కూడా ఎగరేయవచ్చన్న ఉత్తర్వు మీద గొడవ చెలరేగి, 1926 మేలో చాన్సలర్ హాన్స్ లూథర్ పదవే పోగొట్టుకున్నాడు. ఆ రోజుల్లో పండుగ వస్తే ఏ కిటికీకి ఏ జెండా వేలాడుతోందో చూసి ఆ ఇంటివాళ్ల రాజకీయం చెప్పగలిగేవారు.

1935 సెప్టెంబరులో న్యూరెంబర్గ్‌లో ప్రకటించిన చట్టాలలో ఒకటి స్వస్తిక జెండాను ఏకైక జాతీయ జెండాగా చేసింది. యూదులకు జర్మన్లతో వివాహాన్ని నిషేధించిన మరొక చట్టంలో నాలుగో సెక్షన్ ఒకటుంది, దాన్ని గురించి తక్కువమందే మాట్లాడతారు: యూదులు జాతీయ జెండాను ఎగరేయరాదు, జాతీయ రంగులను ప్రదర్శించరాదు. పండుగనాడు ప్రతి ఇంటి నుంచీ జెండాను ఆశించే రాజ్యం, కొందరిని మాత్రం ఎగరేయవద్దన్నప్పుడు ఏం జరుగుతుందో ఊహించండి. వీధి పొడవునా వేలాడే ఎర్రటి గుడ్డల మధ్య ఖాళీగా ఉన్న కిటికీ ఏ ఇంటిదో వచ్చేపోయేవాళ్లందరికీ తెలిసిపోతుంది. అక్కడ జెండా ఎగరేసిన ఇంటి గురించి ఏమీ తెలియదు, ఎందుకంటే ఇష్టంతో ఎగరేసినవాడూ భయంతో ఎగరేసినవాడూ ఒకేలా కనిపిస్తారు. ఆ వీధిలో ఏదైనా చెప్పేది జెండా లేని ఇల్లు మాత్రమే. ఇంటి మీద జెండా గురించి నేను చదివినవాటన్నిటిలోనూ నన్ను ఎక్కువగా కలచివేసింది ఈ చిన్న సెక్షనే.

కాబట్టి 1949 తర్వాత తమ రాజ్యాంగంలో ఆ ప్రజాస్వామ్యపు రంగులనే తిరిగి రాసుకున్నా, పశ్చిమ జర్మన్లు వాటిని కిటికీలకు కట్టడానికి ఇష్టపడకపోవడంలో వింత లేదు. 2006లో ప్రపంచకప్ ఫుట్‌బాల్ అక్కడ జరిగినప్పుడు కార్లకు, బాల్కనీలకు ఒక్కసారిగా జెండాలు వెలిశాయి, ఇన్నాళ్లకు బరువు దిగిందని కొందరు, పాత రోగం తిరగబెడుతోందేమోనని కొందరు నెలల తరబడి వాదించుకున్నారు. ఆ తర్వాత కూడా ఆటల కాలంలో బయటికి వచ్చి, ఆటలు అయిపోగానే లోపలికి వెళ్లడం అక్కడి జెండాకు అలవాటైంది. నాకు అందులో లోపమేమీ కనిపించదు.

జపాన్‌లోనూ ఇలాంటి చరిత్రే ఉన్నా ఫలితం కాస్త భిన్నం. యుద్ధానికి ముందు పండుగ దినాల్లో ఇంటి గుమ్మానికి సూర్యబింబపు జెండా కట్టడం అక్కడ ఆనవాయితీ. యుద్ధంలో ఓడిపోయాక ఆక్రమణ అధికారులు దాని మీద ఆంక్షలు పెట్టి, 1949లో తొలగించారు. ఆంక్షలు పోయినా ఆనవాయితీ క్రమంగా సన్నగిల్లింది. ఆ జెండాను జాతీయ జెండాగా ప్రకటించే చట్టం 1999లో గానీ రాలేదు, అందులో ఉన్నవి రెండే సెక్షన్లు, పౌరులు ఎగరేయాలన్న మాట ఎక్కడా లేదు.

అమెరికాకు వస్తే, అక్కడ ఇంటి మీద జెండా అంతర్యుద్ధంతో మొదలైందని చెప్పవచ్చు. 1861లో ఫోర్ట్ సమ్టర్ అనే కోట మీద దక్షిణాది సేనల దాడి జరిగాక ఉత్తరాది పట్టణాల్లో ఇళ్ల మీద, దుకాణాల మీద, చర్చిల మీద జెండాలు లేచాయి. అంతకు ముందు అది ఎక్కువగా కోటల మీద, ఓడల మీద ఉండేది. 2001 సెప్టెంబరు 11 తర్వాత దుకాణాల్లో జెండాలు దొరకని పరిస్థితి వచ్చింది. 1942లో కాంగ్రెసు ఆమోదించిన జెండా నియమావళి చాలా వివరంగా ఉంటుంది: దుస్తులుగా వాడరాదంటుంది, ప్రకటనలకు వాడరాదంటుంది, రాత్రి ఎగరేస్తే దీపం ఉండాలంటుంది. కానీ పౌరుడు దాన్ని పాటించకపోతే శిక్ష లేదు, జెండా బొమ్మ ఉన్న చొక్కాలు ఎటు చూసినా కనిపిస్తాయి. కాలనీ సంఘాలు ఇళ్ల రంగుల నుంచి గడ్డి ఎత్తు వరకు శాసించే ఆ దేశంలో, జెండా ఎగరేయకుండా సభ్యుణ్ణి అడ్డుకోకూడదని 2006లో ప్రత్యేకంగా ఒక చట్టం చేశారు. ఎగరేసే హక్కుకు కాపలా పెట్టి, ఎగరేయాలన్న బలవంతం పెట్టకపోవడం నాకు సరైన పద్ధతిగా తోస్తుంది. అయితే చట్టం చేయని బలవంతాన్ని ఇరుగుపొరుగు చేయగలరు, 2001 చివరి నెలల్లో తలపాగా కట్టుకున్న సిక్కులు తమ ఇళ్లకు, టాక్సీలకు జెండాలు తగిలించుకున్నది కేవలం అభిమానంతోనేనని నేను అనుకోలేను.

చట్టమే బలవంతం చేసే దేశాలూ ఉన్నాయి. ఇండోనేషియాలో 2009 నాటి 24వ నంబరు చట్టం ప్రకారం ఆగస్టు 17న ప్రతి ఇంటి మీద ఎరుపు తెలుపు జెండా ఎగరాలి, కొనుక్కోలేని కుటుంబాలకు స్థానిక ప్రభుత్వం ఇవ్వాలి. చిలీలో సెప్టెంబరు 18, 19 తేదీల్లో ఇళ్ల మీద జెండా తప్పనిసరి, ఎగరేయకపోతే జరిమానా పడవచ్చు. పైగా 2011 దాకా మిగిలిన రోజుల్లో అనుమతి లేకుండా ఎగరేయడం కూడా కుదిరేది కాదు. లాట్వియాలో స్వాతంత్ర్య దినమైన నవంబరు 18న ఎగరేయడంతో పాటు, సోవియట్ పాలకులు వేలాదిమందిని సైబీరియాకు తరలించిన 1941 జూన్ 14, 1949 మార్చి 25 ఘటనల స్మృతిగా ఆ తేదీల్లో నల్ల రిబ్బను కట్టిన జెండాను ఇళ్ల మీద ఉంచాలని చట్టం చెబుతుంది. బలవంతాన్ని వ్యతిరేకించే నా వాదనకు లాట్వియా దగ్గర బలం కొంత తగ్గుతుందని ఒప్పుకోవాలి. ఆ జెండాను దగ్గర ఉంచుకుంటేనే శిక్షపడే కాలాన్ని దాటివచ్చిన జనం, పోయినవారిని తలచుకోవడాన్ని అందరి బాధ్యతగా చట్టంలో రాసుకోవాలనుకోవడం నాకు అర్థమవుతుంది. అయినా అదే వీధిలో రష్యన్ మాట్లాడే కుటుంబాలూ ఉన్నాయి. అలాంటి కుటుంబం ఆ రిబ్బనును మనస్ఫూర్తిగా కడితే దానికి ఎంతో విలువ ఉండేది, చట్టం వల్ల కడితే కట్టిందో లేదో చూసే లెక్కగా మాత్రమే మిగులుతుంది.

ఇంటి మీద జెండాకూ వీధిలో స్తంభానికి కట్టిన జెండాకూ తేడా ఉందని ఉత్తర ఐర్లాండ్ బాగా నేర్పుతుంది. 1954లో అక్కడి ప్రభుత్వం చేసిన చట్టం బ్రిటన్ జెండా అయిన యూనియన్ జాక్‌ను ఎవరు ఎగరేసినా అడ్డుకోవడాన్ని నేరంగా చేసింది, శాంతికి భంగమనిపించిన మరే జెండానైనా తొలగించే అధికారాన్ని పోలీసులకు ఇచ్చింది. 1964లో బెల్‌ఫాస్ట్‌లోని డివిస్ వీధిలో ఒక పార్టీ కార్యాలయపు కిటికీ నుంచి ఐరిష్ త్రివర్ణ పతాకాన్ని పోలీసులు తీసేయడంతో రోజుల తరబడి అల్లర్లు జరిగాయి. 1987లో ఆ చట్టం రద్దయింది, కానీ ఈనాటికీ కరెంటు స్తంభాలకు కట్టిన జెండాలు, రంగులు వేసిన పేవ్‌మెంటు అంచులు ఈ వీధి ఎవరిదో చెబుతూనే ఉంటాయి. సొంత గుమ్మానికి కట్టుకున్న జెండా నేను ఎవరినో చెబుతుంది, వీధి స్తంభానికి కట్టింది నువ్వు ఎవరివని అడుగుతుంది. ఆ జెండా కింద కాపురముండే ప్రతి కుటుంబం తరఫునా ఎవరో అడక్కుండానే సమాధానం చెప్పేశారు.

ఇంగ్లండ్‌లో 2014లో, ఎంపీ ఎమిలీ థార్న్‌బెరీ రాచెస్టర్‌లో ఇంగ్లండ్ జెండాలైన సెయింట్ జార్జ్ జెండాలు మూడు కట్టిన ఒక ఇంటి ఫొటోను ట్విట్టర్‌లో పెట్టి, ఆ ఇంటివారిని చిన్నచూపు చూశారన్న విమర్శలు రావడంతో అదే రోజు పార్టీ బాధ్యత నుంచి తప్పుకున్నారు. ఎగరేసినవారిని వెక్కిరించడం, ఎగరేయనివారిని అనుమానించడం రెండూ ఒకే రకం తప్పులు. రెండింటిలోనూ ఒక గుడ్డను చూసి మనిషిని తూచేస్తాం.

భారతదేశపు కథ డెన్మార్క్ కథకు తలకిందులుగా నడిచింది. ఇక్కడ జెండా రాజ్యం కంటే ముందు ప్రజల చేతిలో ఉంది. 1921లో బెజవాడలో పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా ఇచ్చినప్పుడు గానీ, 1923లో నాగపూర్ జెండా సత్యాగ్రహంలో దాన్ని పట్టుకున్నందుకే వందలాదిమంది జైలుకు వెళ్లినప్పుడు గానీ దాని వెనక ఏ ప్రభుత్వమూ లేదు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ జెండా సర్కారు కార్యాలయాల మీదికి వెళ్లింది, సామాన్యులు కొన్ని జాతీయ పర్వదినాల్లో తప్ప ఇంటి మీద ఎగరేయడానికి వీల్లేకుండా పోయింది. రాయగఢ్‌లోని తన కర్మాగారం మీద జెండా ఎగరేయనివ్వలేదని నవీన్ జిందాల్ కోర్టుకు వెళితే, 1995లో ఢిల్లీ హైకోర్టు ఆయన పక్షాన నిలిచింది. పౌరులు ఏ రోజైనా ఇంటి మీద జెండా ఎగరేయడానికి వీలిచ్చే కొత్త ఫ్లాగ్ కోడ్, అంటే జెండా నియమావళి, 2002 జనవరి 26న అమలులోకి వచ్చింది. జెండాను గౌరవంగా ఎగరేయడం రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం కింద భావప్రకటనలో భాగమని అదే కేసులో 2004 జనవరి 23న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

2021 డిసెంబరులో మరయంత్రంతో నేసిన పాలిస్టర్ జెండాలకు, 2022 జులైలో ఇంటి మీద రాత్రిపూట కూడా ఎగరేయడానికి అనుమతి వచ్చాయి. పాలిస్టర్‌ను అనుమతించడం మీద హుబ్బళ్లిలో ఖాదీ జెండాలు తయారుచేసే సంఘం నిరసన తెలిపింది, ఆ నిరసనలో న్యాయముంది. ఆ ఏడాది ఆగస్టు 13 నుంచి 15 దాకా ఇంటింటా జెండా ఎగరేయమని ప్రభుత్వం పిలుపునిచ్చింది. అది పిలుపే, ఆజ్ఞ కాదు. కోట్ల ఇళ్లు సంతోషంగా ఎగరేశాయనడంలో నాకు సందేహం లేదు. కానీ ఆ రోజుల్లోనే హర్యానాలోని కర్నాల్‌లో, 20 రూపాయలు పెట్టి జెండా కొంటేనే సరుకులిస్తామని ఒక రేషన్ డిపోలో పట్టుబట్టారన్న ఫిర్యాదు వచ్చింది, అధికారులు ఆ డిపో లైసెన్సును సస్పెండ్ చేశారు. సస్పెండ్ చేయడం సరైన పనే. అయితే బియ్యం కోసం నిలబడిన మనిషి ఇంటి మీద ఆ రోజు ఎగిరిన జెండా ఎవరి భావాన్ని ప్రకటించినట్టు?

ఇక్కడ మరొక తీర్పును గుర్తుచేయాలి. 1985లో కేరళలో యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు పిల్లలను, జాతీయ గీతం పాడుతున్నప్పుడు గౌరవంగా లేచి నిలబడుతూనే గొంతు కలపలేదని బడి నుంచి పంపేశారు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టులో జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి ఆ పిల్లలకు అనుకూలంగా తీర్పు రాశారు. బడిపిల్లల చేత బలవంతంగా జెండాకు వందనం చేయించకూడదని 1943లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా అందులో చర్చకు వచ్చింది. 19(1)(ఎ) కింద మాట్లాడే హక్కులో మౌనంగా ఉండే హక్కు కూడా ఉందన్నది ఆ తీర్పు సారం. జిందాల్ కేసులో ఎగరేసే హక్కుకు ఆధారమైంది సరిగ్గా ఇదే అధికరణం. రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చదివితే, ఎగరేయకుండా ఉండే హక్కు ఎగరేసే హక్కులోనే ఇమిడి ఉందనడానికి నాకు ఏ అడ్డంకీ కనిపించదు. ఇంతవరకు ఆ మాట ఏ నియమావళిలోనూ సూటిగా రాయలేదు. గుడ్డ కొలతల నుంచి చిరిగిన జెండాను ఎలా దహనం చేయాలో వరకు చెప్పిన ఫ్లాగ్ కోడ్‌లో మరొక్క నిబంధన చేరాలని నా కోరిక: ఇంటి మీద జెండా ఎగరేయలేదన్న కారణంతో ఏ పౌరుడికీ ఏ ప్రభుత్వ సేవనూ నిరాకరించరాదు, ఎగరేసిన ఇళ్లు, ఎగరేయని ఇళ్లు అంటూ ఏ అధికారీ జాబితా తయారుచేయరాదు.